జాబితా పోగొట్టింది ఆయన కాదు

ఆయన సంతాప సభలో నేను నవ్వాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే. హాల్లో నలభైమంది దాకా నవ్వారు. కానీ ఆ నవ్వు నవ్వే హక్కు లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

మా రక్తదాతల సంఘం అధ్యక్షుడు మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. శ్రీకాకుళం బస్ కాంప్లెక్సు ఎదురుగా మందుల షాపు అతనిదే. షాపు మీద గదిలోనే మా సంఘం ఆఫీసు. "మావకి కంప్యూటరంటే బయ్యం" అన్నాడు. "ఎందుకో తెల్సా? ఓ సాయంకాలం ఇంటికెల్తా ఎల్తా, బస్సు లైటార్పినట్టు గోడ స్విచ్చు టక్కుమని ఆర్పీసినాడు. తెల్లారి సూస్తే ఏటున్నాది? రెండు వేల మంది పేర్లు గాల్లో కలిసిపోనాయి! అయితేటి? మల్లీ బస్సులెక్కి తిరిగి ఒక్కడే అన్నీ రాసుకొచ్చినాడు. అదీ మా మావంటే."

అందరూ నవ్వి, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య మాత్రం నవ్వలేదు. నవ్వకపోతే ఎవరైనా నావైపు చూస్తారేమోనని నేను కొంచెం గట్టిగానే నవ్వాను.

ఆ రెండు వేల పేర్లనూ గాల్లో కలిపింది నేను.

ఎలా కలిపానో చెప్పేముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. లేకపోతే నేను ఆ తప్పును ఎవరి మీదకు తోశానో తెలియదు. ఆయన పేరు రాయను. బతికుండగా ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఊరందరికీ కండక్టర్ గారే.

రిటైరైన సంగతి ఆయన ఒంటికి ఎవరూ చెప్పినట్టు లేదు. నిలబడితే కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక భుజం గోడకో తలుపుకో ఆనించి నిలబడేవారు, నేల ఏ క్షణాన మలుపు తిరుగుతుందోనన్నట్టు. కుర్చీ వేస్తే అందులో ఇంకొకరిని కూర్చోబెట్టేవారు. నలుగురు గుమిగూడిన చోటల్లా ఆయన నోట ఒకటే మాట: "లోపలికి జరగండి, లోపల బోల్డు జాగా ఉన్నాది." పెళ్ళి బంతి దగ్గరా అదే, ఆస్పత్రి చీటీల దగ్గరా అదే. ఒకసారి రామతీర్థంలో దర్శనం వరసలో నిలబడి అదే మాట అంటే, పూజారి లోపల్నించి "ఇక్కడ జాగా లేదయ్యా, స్వామి ఉన్నాడు!" అని అరిచాడట. ఈ సంగతి ఆయనే చెప్పి, "ఉన్నా ఇంకో ఇద్దరు పడతారు బాబూ, నాను సూసినాను" అనేవారు.

మనుషుల్ని ఆయన రక్తం గ్రూపుతో పిలిచేవారు. నేను 'బీ పాజిటివ్ బాబు'ని. అధ్యక్షుడు 'ఏ పాజిటివ్'. బజార్లో ఎవరైనా ఎదురైతే "ఏటి ఏబీ, అమ్మకెలగున్నాది?" అని అడిగేవారు. కొత్తవాళ్ళు ఇదేదో చదువు తాలూకు డిగ్రీ అనుకుని సంతోషించేవారు. ఒక పెళ్ళిలో ముహూర్తానికి కాస్త ముందు పెళ్ళికొడుకు తండ్రిని చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళి చెవిలో ఏదో అడిగారు. ఆడపెళ్ళివారికి గుండె జారిపోయింది, ఏం కొంప మునిగిందోనని. తీరా ఆయన అడిగింది, "కుర్రోడిది ఓ నెగిటివ్ అని యిన్నాను, నిజమేటి?" నిజమే. ఆ కుర్రాడు పెళ్ళైన పదహారో రోజున మా గదికి వచ్చి పేరు రాయించుకున్నాడు.

ఆయనది ఏబీ పాజిటివ్. ఆ రక్తం ఎవరి దగ్గర్నుంచైనా తీసుకోగలదు గానీ, తనలాంటివాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు. ఈ సంగతి తెలిసిన నాటినుంచీ ఆయన సిగ్గుపడుతూనే ఉన్నారు. "నాది పుచ్చుకునే రక్తం బాబూ, ఇచ్చే రక్తం కాదు. అందికే కాళ్ళతో ఇస్తన్నాను" అనేవారు.

కాళ్ళతో ఇవ్వడం అంటే తిరగడం. జిల్లాలో రక్తం ఇచ్చేవాళ్ళందరినీ ఆయన మూడు పొడుగు పుస్తకాల్లో రాసుకున్నారు, గ్రూపుల వారీగా కాదు, అక్షరాల వరసలోనూ కాదు, బస్సు రూట్ల ప్రకారం. పాలకొండ రూటు, పాతపట్నం రూటు, కళింగపట్నం రూటు. రూటులో మళ్ళీ స్టేజీలు. స్టేజీ కింద మనిషి. మనిషి పేరు ఒక్కోచోట ఉండేది, ఒక్కోచోట ఉండేది కాదు. 'గొడుగు మర్చిపోయి నాతో తగువేసుకున్న ఆసామీ, ఏ నెగిటివ్' అని ఉండేది. 'కిటికీ సీటు దొరక్కపోతే అలుగుతాది, బీ నెగిటివ్' అని ఉండేది.

ఆ పుస్తకాలు చూసి కూడా నేను నవ్వాను. నాకు బస్ కాంప్లెక్సు పక్క సందులో చిన్న కంప్యూటర్ సెంటరు ఉంది. సంఘానికి ఉచితంగా సేవ చేస్తానని ముందుకొచ్చి, పాత కంప్యూటరొకటి తెచ్చి ఆ మేడ గదిలో పెట్టి, దాంట్లో డేటాబేస్ తయారుచేశాను. ఆయన చదివితే నేను ఎక్కించాను. నాలుగు నెలలు పట్టింది. అలిగే ఆవిడ పేరు కనుక్కోవడానికే ఆయన రెండుసార్లు ఆమదాలవలస వెళ్ళొచ్చారు. అంతా అయ్యాక, "ఇంక ఈ పుస్తకాలెందుకండీ, చెదలు పట్టడానికి తప్ప? రోజూ నేను కాపీ తీసి దాస్తానుగా" అన్నాను. ఆయన మూడూ తెచ్చి నాకిచ్చేశారు. పుస్తకాలు కింద బజ్జీల బండికి వెళ్ళాయి. రెండు నెలలపాటు కాంప్లెక్సులో మిరపకాయ బజ్జీలు రక్తదాతల జాబితాలోనే అమ్ముడయ్యాయి. ఆయన బజ్జీ తిన్నాక ఆ నూనె కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. అప్పుడు కూడా నాకు నవ్వే వచ్చింది.

ఇక రోజూ కాపీ తీయడం సంగతి. మొదటి వారం తీశాను. ఆ తర్వాత ఆ పెన్‌డ్రైవ్‌ను మా బావమరిది కారులో పాటలకోసం పట్టుకెళ్ళాడు. నేను అడగలేదు.

ఆయనకు ఒక అలవాటుండేది. సాయంత్రం గది మూసేటప్పుడు ఫ్యానూ లైటూ ఆపి, ఆ చేత్తోనే కంప్యూటర్ స్విచ్చు కూడా గోడ దగ్గరే ఆపేసేవారు. డ్యూటీ దిగేవాడు బస్సంతా చీకటి చేసి దిగాలట. అలా ఆపకూడదని నేను రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆయన "మర్సిపోనాను బాబూ" అన్నారు. ఆ మాట కమిటీ వాళ్ళు కూడా విన్నారు.

ఆ ఉదయం పది గంటలకు నేను గదికి వెళ్ళేసరికి స్విచ్చు ఆపే ఉంది. వేశాను. జాబితా తెరిచాను. చక్కగా తెరుచుకుంది. ఎవరికో కావాలంటే ఒక నెంబరు కూడా చూసి చెప్పాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను మర్చిపోయినట్టు నటించింది దీన్నే.

డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. జాబితా అందరి ఫోన్లలోకీ వచ్చేలా చేస్తానని అధ్యక్షుడికి గొప్పగా మాటిచ్చి ఉన్నాను. టీ చెప్పి, కొత్తది ఎక్కించడం మొదలుపెట్టాను. టీ వచ్చేసరికి పని అయిపోయింది. జాబితా తెరిచాను. తెరుచుకోలేదు. పట్టిక దెబ్బతిన్నదనీ, మరమ్మతు చేయాలనీ తెర మీద వచ్చింది. అలాంటప్పుడు ముందు ఆ ఫైళ్ళను వేరేచోట దాచుకుని, తర్వాతే ముట్టుకోవాలి. పదేళ్ళుగా నా దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం అదే. నేను టీ చల్లారిపోతోందని తిన్నగా మరమ్మతు ఆదేశం ఇచ్చేశాను.

మరమ్మతు దివ్యంగా జరిగింది. చివర్లో ఒక వాక్యం వచ్చింది: వరుసల సంఖ్య రెండు వేల నూట పన్నెండు నుంచి సున్నాకు మారింది. దాని కింద, పని సవ్యంగా పూర్తయింది, అని.

ఆ సవ్యంగా అన్న మాటను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. పొందూరు వైపు నుంచి వచ్చిన నేతపని మనిషి ఒకాయన, చేతిలో ఆస్పత్రి చీటీ. భార్యకు పొద్దున్న కాన్పయింది, బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తం ఆగడం లేదు. ఓ నెగిటివ్ కావాలి. బ్లడ్ బ్యాంకులో ఉన్న ఒక్క సీసా ఎక్కిస్తున్నారు. ఇంకో రెండు కావాలి.

"మీ కాడ రాసి ఉంటాదంట గదా బాబూ" అన్నాడాయన, నా వెనకున్న తెర వైపు నమ్మకంగా చూస్తూ.

ఆయన వెనకాలే కండక్టర్ గారు ఎక్కొచ్చారు. కింద షాపులోంచి అధ్యక్షుడూ వచ్చాడు. "బేగి తియ్యండి, ఓ నెగిటివ్ వాళ్ళెవులు?"

"జాబితా లేదండి" అన్నాను.

"నేదంటే?"

అప్పుడు నేను అన్న మాటలు ఇవి: "రాత్రంతా గోడ స్విచ్చు ఆపేసి ఉందండి. నడుస్తున్న కంప్యూటర్‌కు అలా కరెంటు తీసేస్తే పట్టికలు పాడవుతాయి." ఇందులో విడివిడిగా ఏ ముక్కా అబద్ధం కాదు. మొత్తం కలిపితే ఒక ముక్క కూడా నిజం కాదు. నేను ఆయన పేరు కూడా ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదని నాకు తెలుసు. కాపీ ఏదని కూడా అడగకుండా అధ్యక్షుడు నెమ్మదిగా కండక్టర్ గారి వైపు తిరిగాడు.

ఆయన తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నారు.

"అయితే నానేనండి" అన్నారు. "నానే ఆపినాను." ఆ తర్వాత ఆ నేతపనాయన భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా వెనక్కి తీసుకుని, "నువ్వు ఆస్పత్రికి ఎల్లి మీ ఆడోళ్ళ కాడ కూకో నాయనా. నానొస్తన్నాను" అని మెట్లు దిగిపోయారు. నేనూ వెంట దిగాను. ఆ గదిలో ఉండలేక.

కాంప్లెక్సులో ఆయన బెంచీ ఎక్కి నిలబడ్డారు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ముప్పై ఏళ్ళు ఊళ్ళ పేర్లు అరిచిన గొంతుతో అరిచారు: "ఓ నెగిటివ్! ఓ నెగిటివ్! ఓ నెగిటివ్!"

మూటతో నిలబడ్డ ఒక ముసలమ్మ, "ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తాది బాబూ?" అని నన్నడిగింది.

డ్రైవర్లూ కండక్టర్లూ చుట్టూ మూగారు. ఆయన ఒక్కొక్కరికీ ఒక్కో రూటు అప్పగించారు. "ఒరే ఆమదాలవలస, రైస్‌మిల్లు కాడ స్టేజీలో దిగి, చెవిపోగు పెట్టుకున్న కలాసీ ఉంటాడు, ఆడికి సెప్పు. కండక్టరు రమ్మన్నాడంటే వస్తాడు." "పాలకొండ, మూడో స్టేజీ, కొత్తగా పెళ్ళైన కుర్రోడు, ఇంట్లో నేకపోతే మావగారింట్లో ఉంటాడు, ఒగ్గీకు." బస్సులు ఒక్కొక్కటే కదిలాయి. ఇటు చూస్తే నా చేతిలో ఖాళీ ఫోను. అటు ఆయన జాబితా చక్రాల మీద బయల్దేరి వెళ్ళింది.

"ఇక కళింగపట్నం" అన్నారు ఆయన నాతో. "ఆరో స్టేజీ, సేపల గంప. గంపకి టిక్కెట్టు తియ్యనని నాతో పదేళ్ళు దెబ్బలాడినాది. ఈపాటికి ఊళ్ళోకే వచ్చుంటాది, పద."

ఆవిడ డే అండ్ నైట్ కూడలి దాటాక ఒక వీధి మొదట్లో గంప దించుకుని కూర్చుని ఉంది. కండక్టర్ గారు విషయం చెప్పారు. ఆవిడ విని, గంప మీద తడిగుడ్డ సర్దుకుంటూ, "ఇస్తాను. ఇయ్యననలేదు. సేపలెవులమ్ముతారు? మీ తాతా?" అంది.

"ఈ బాబు అమ్ముతాడు" అన్నారు ఆయన. "బాగా సదూకున్నోడు."

ఆవిడ నన్ను చెప్పుల దగ్గర్నుంచి చొక్కా జేబులో ఉన్న పెన్ను దాకా చూసింది. "ఈడా?" అంది. "సరే, రక్తం పోతే పోనాది, సేపలు పోకండ సూడు."

అలా గంపతో ఆవిడ వెంట ఆస్పత్రికి వెళ్ళి, గేటు పక్కన ఎండలో, ఇస్త్రీ చొక్కాతో, గంప ముందర గొంతుక్కూర్చున్నాను. మొదట వచ్చినావిడ "ఇదేం సేప?" అంది. "తాజా చేపండి" అన్నాను. "పేరడిగినాను." పేరు నాకు తెలియదు. "మొప్పలు సూపించు" అంది. నేను తోక ఎత్తి చూపించాను. ఆవిడ పక్కనున్నావిణ్ణి పిలిచి నన్ను చూపించింది. ఇంకొకాయన చేప ఎప్పుడు పట్టిందని అడిగితే, కనుక్కుని చెప్తానన్నాను. చివరికి ఒకావిడ జాలిపడి తనే ఒక పెద్ద చేపను తీసుకుని, తనే బేరమాడుకుని, తనే సరేననుకుని వెళ్ళిపోయింది.

గంటకు గంప ఆవిడ మోచేతి దగ్గర దూదితో వచ్చింది. గంపలోకి చూసి నడుం మీద చెయ్యి వేసింది. "ఆ పెద్ద కోనెం సేప ఏదిరా?"

చెప్పాను.

"ఓలమ్మో! కోనేన్ని కవళ్ళలెక్కన, సిల్లర సేపల రేటుకి, ఇచ్చీసినావేటి! ఓరి, నా ఒంట్లో రక్తం ఆళ్ళు తీసినదానికంటే నువ్వే ఎక్కువ తీసినావు గదరా!"

కండక్టర్ గారు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడొక్కసారే. మధ్యాహ్నానికి ఆమదాలవలస బస్సులో చెవిపోగు కలాసీ దిగాడు. సాయంత్రం నాలుగు గంటలకు ఆ తల్లికి గండం తప్పిందని చెప్పారు. నేతపనాయన కండక్టర్ గారి కాళ్ళ మీద పడబోతే, "నాకు కాదు బాబూ, నావల్లే ఇంత ఆలీసమయినాది, నన్ను తిట్టాల నువ్వు" అని ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

అప్పుడైనా నేను నోరు తెరవాలి. తెరవలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు, ఇప్పుడెందుకు అనుకున్నాను.

ఆ మర్నాటినుంచి ఆయన గదిలోకి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని వచ్చేవారు. కంప్యూటర్‌కు మూడు మూరల దూరంలో, కరిచే కుక్కకు దూరంగా నిలబడ్డట్టు నిలబడేవారు. ఉక్కపోస్తుంటే చెమట తుడుచుకుంటూ, "ఎవులైనా ఆ ఫ్యాను ఎయ్యండి బాబూ, నాను ముట్టుకోను" అనేవారు. సంఘం పని మీద ఒకసారి విజయనగరం వెళ్తే, అక్కడి ఆఫీసులో లిఫ్టు బటను నొక్కనని నాలుగంతస్తులు ఎక్కారు. ఈ సంగతులన్నీ జనం నవ్వుతూ చెప్పుకున్నారు. కండక్టర్లు మరీ. వాళ్ళు ఆయనకు 'స్విచ్చు మావ' అని పేరు పెట్టారు. పేరు ఆయన వేసిన రూట్లన్నిట్లోనూ తిరిగింది.

జాబితా మళ్ళీ పుట్టడానికి పదకొండు నెలలు పట్టింది. పాసు మీద బస్సెక్కి, ఒక్కో స్టేజీలో దిగి, చీటీల మీద రాసుకుని సాయంత్రానికి వచ్చేవారు. "బాబూ, ఇయాల పాతపట్నం రూటు అయిపోనాది" అని చీటీలు బల్ల చివర పెట్టి దూరంగా జరిగేవారు. నేను ఫ్యాను కింద కూర్చుని ఎక్కించేవాణ్ణి. నేను చేసిన పాపానికి ఆయన ఎండలో తిరుగుతూ, పైగా ఒకరోజు నాతో, "నావల్ల నీకెంత సాకిరీ బాబూ" అన్నారు.

చెబుదామని రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి టీ కొట్టు దగ్గర "కండక్టర్ గారూ, ఆ స్విచ్చు సంగతి..." అన్నానో లేదో, ఆయన గ్లాసు కింద పెట్టి దండం పెట్టారు. "ఆ మాట ఎత్తకు బాబూ. సిగ్గుతో సచ్చిపోతన్నాను." ఎత్తకుండా ఉండడానికి నాకు అంతకంటే మర్యాదైన కారణం దొరకలేదు. రెండోసారి రాజాం బస్సులో పక్కపక్కన నిలబడి ఉన్నప్పుడు, "నిజానికి తప్పు..." అని మొదలుపెట్టాను. అప్పుడే బస్సాగింది. జనం ఎక్కారు. "లోపలికి జరగండి" అంటూ ఆయన జరిగారు. నేనూ జరిగాను. మూడోసారి లేదు. ఒక ఉదయం ఇంట్లోనే గుండె ఆగి పోయారు.

సంతాప సభకు ముందే, ఆయన పేరు మీద రక్తదాన శిబిరం పెట్టాలనుకున్నారు. దానికి ఐదు వందల కరపత్రాలు. అధ్యక్షుడు చెబితే టైపు చేసింది నేనే. 'పొరపాటున స్విచ్చు ఆపి జాబితా మొత్తం పోగొట్టినా, పట్టు వదలక మళ్ళీ సేకరించిన మన కండక్టర్ గారు' అన్న వాక్యాన్ని అక్షరదోషం లేకుండా టైపు చేసి ప్రెస్సుకు పంపాను. సభ రోజునే కట్ట వచ్చింది. నవ్వి, ఇంటికొచ్చి, అచ్చయిన ఆ వాక్యాన్ని తలుచుకుంటే, ముందు వరసలో నవ్వకుండా కూర్చున్న ఆయన భార్యే గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. నిలబడే అంతా చెప్పాను. పొద్దున్న జాబితా తెరుచుకున్న సంగతి, టీ, మరమ్మతు, సున్నా. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"అయితే మా ముసిలోడు కాదు?"

"కాదమ్మా."

"ఆడు ఇంట్లో కూడా ఏ స్విచ్చూ ముట్టలేదు, తెల్సా? టీవీ నానే ఎయ్యాల, నానే ఆపాల. నీళ్ళ మోటారు నానే. స్నానానికి కూకుని 'మోటారెయ్యే' అని కేకేసేవోడు. నాను పిండి సేతుల్తో పరిగెట్టాల. 'నీకేటి రోగం' అని తిట్టేదాన్ని. 'నా సెయ్యి మంచిది కాదే' అనేవోడు." చేతులకంటిన నూక దులుపుకుంది. "నాను నమ్మినాను బాబూ. ఈడి సెయ్యి మంచిది కాదు కామోసు అనుకున్నాను."

"తప్పైపోయిందమ్మా" అన్నాను.

"నాకు సెప్పి ఏటి లాభం? మైకులో సెప్పినోడికి సెప్పు, ఎల్లు."

అధ్యక్షుడు మొత్తం విని, షాపు తలుపు దగ్గరకు వేశాడు. "ఇప్పుడెందుకు బాబూ ఇదంతా? కథ బాగున్నాది. మావని తలుసుకుని నవ్వుకుంటన్నారు. నీ పరువు, సంఘం పరువు కూడా సూసుకోవాల గదా? కరపత్రాలు కూడా అయిపోనాయి."

"కరపత్రాల కట్ట నాకివ్వండి" అన్నాను.

కట్ట భుజాన వేసుకుని మళ్ళీ ఆ అరుగు దగ్గరికే వెళ్ళాను. ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, కింద నా చేత్తో నిజం రాస్తానన్నాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "ఏటి రాస్తావో ముందు ఒకటి రాసి సూపించు" అంది.

రాశాను: 'సాంకేతిక కారణాల వల్ల జాబితా పోయింది.'

ఆవిడ చదివింది. "ఈ సాంకేతిక కారణం ఎవులు? ఆడి ఇంటిపేరేటి?"

కొట్టేశాను. 'సంఘం కంప్యూటర్‌లో పొరపాటు జరిగింది' అని రాశాను.

"దానంతటదే జరిగినాదా? మా ముసిలోణ్ణి అన్నప్పుడు మనిషిని పెట్టి అన్నారు గదా. నీకాడికి వచ్చీసరికి మనిషి ఏడీ?"

మూడోసారి రాశాను: 'జాబితా పోగొట్టింది కండక్టర్ గారు కాదు. కాపీ తీయకుండా కంప్యూటర్‌ను కెలికి పోగొట్టింది నేను. ఆయన మీదకు తోసింది కూడా నేనే.' కింద నా పేరూ ఫోన్ నెంబరూ వేశాను.

ఆవిడ రెండుసార్లు చదివి, "ఊఁ, రాయి" అంది.

ఐదు వందలు. మధ్యాహ్నానికి వేళ్ళు కొంకర్లు పోయాయి. అక్షరాలు వంకరపోయినవాటిని ఆవిడ పక్కకు తీసి, "ఇది కనపడత్నేదు, మల్లీ దిద్దు" అనేది. మూడొందలు దాటాక, ఇక చాలేమో, మిగిలినవి పారేద్దామన్నాను. ఆవిడ మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, "తాగి రాయి" అంది.

మర్నాడు పొద్దున్నే కాంప్లెక్సులో ఒక్కో బస్సూ ఎక్కి, ముందు కండక్టర్‌కూ తర్వాత ప్రయాణికులకూ పంచాను. పాలకొండ బస్సు కండక్టర్ చేతిరాత దాకా చదివి, తలెత్తి నన్ను చూశాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని విజిల్ వేశాడు. నేను దిగాను.

సాయంత్రానికి ఎవరో రాజాం నుంచి ఫోన్ చేశారు. ముసలి గొంతు, నేనెప్పుడూ విననిది. నా పేరు చెప్పి, "నువ్వేనా?" అని అడిగింది.

"నేనేనండి" అన్నాను.